గొంగడి మీద రాత

మా నిరోషా ఒక పేజీలో రాస్తే అది కింద ఉన్న నాలుగు పేజీల్లోనూ కనిపించేది. పై పేజీ చించి పారేసినా ఫరవాలేదు, కింది పేజీని వెలుతురుకు కాస్త వంచి పట్టుకుంటే పాఠమంతా చదువుకోవచ్చు. రెండో తరగతి పిల్ల, ఊదితే ఎగిరిపోయేటట్టు ఉంటుంది. ఆ చేతిలోకి అంత బలం ఎక్కడి నుంచి వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. రోజూ పెన్సిల్ మొన విరగాల్సిందే, కాగితం చిరగాల్సిందే. రబ్బరు పెట్టి రుద్దితే మసి అంటేది తప్ప అక్షరం పోయేది కాదు.

ఎండలు ఇంకా ముదరని రోజుల్లో సుమిత్ర టీచర్ నన్ను బడికి పిలిపించింది. నిరోషా పరీక్ష పేపరు నా ముందు పెట్టింది. సగం నుంచి కింద అంతా ఖాళీ.

“చూడు మల్లికా, పిల్లకు అన్నీ వస్తయి. నోటితోని అడుగు, టకటక చెప్తది. రాయమంటెనే పరేషాన్. గట్టిగ ఒత్తి ఒత్తి రాస్తది, అందరు అయిపోయి లేచెటాల్లకు ఈమె సగంలనే ఉంటది. దాని వేలు చూసినవా?”

చూశాను. మధ్యవేలు పక్కన చర్మం గట్టిపడి, ఎర్రగా కమిలిపోయి ఉంది. కన్నతల్లిని, రోజూ అన్నం తినిపించేదాన్ని, టీచర్ చూపిస్తే గాని చూడలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

“గిట్లనే ఒదిలిపెడితె రాతంటెనే భయపడుతది. ఇంట్ల కూసోబెట్టి జర చెయ్యి తేలిక చెయ్యి” అంది టీచర్.

భయపడటం అప్పటికే మొదలైంది. ఆ సంగతి టీచర్‌కు చెప్పలేదు. పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి, బియ్యం డబ్బా వెనక దాచిన పుస్తకాల సంచి. బాగా చదువుకునే పిల్ల ఒకరోజు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని, “నాకు రాత రాదమ్మా. నేను బడికి పోను. తాతతోని ఇంట్లనే ఉంట” అంది. నా గుండెలో రాయి పడింది. తాండూరులో రాళ్లకు కొదవ లేదు గాని, ఆ రాయిని మోయడం నా వల్ల కాలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంకో బడి పెట్టాను. మిషను మీద కుట్టాల్సిన జాకెట్లు పక్కన పడేసి, సాయంత్రం పిల్లతో నేల మీద కూర్చునేదాన్ని. మొదట కందులు. పళ్లెం నిండా పోసి, మూడు వేళ్లతో ఒక్కొక్క గింజ ఏరి డబ్బాలో వెయ్యమన్నాను. గింజను నలపకూడదు, జారవిడవకూడదు. “పెన్సిల్ గూడ గంతే పట్టుకోవాలె” అన్నాను. తర్వాత పొడుగు పెన్సిళ్లన్నీ దాచేసి, అరిగి అరిగి బొటనవేలంత మిగిలిన ముక్కలు ఇచ్చాను. పిడికిలి బిగించడానికి వాటి మీద చోటుండదు. పిల్ల బాగానే ఆడుకుంది.

ఆ తర్వాత నీళ్లు. మా ఇంటి నేలంతా నీలం బండ. నున్నగా, మధ్యాహ్నం పూట చెరువులాగా మెరుస్తూ ఉంటుంది. చిన్న కుంచెను నీళ్లలో ముంచి ఆ బండ మీద రాయమన్నాను. అది నిరోషాకు తెగ నచ్చింది. తడి అక్షరం నల్లగా మెరిసేది, కాసేపటికి అంచులు కరిగేవి. వరస చివరికి వచ్చేసరికి మొదట రాసినవి ఆవిరై పోయేవి. ఇద్దరం చప్పుడు చేయకుండా వాటిని సాగనంపేవాళ్లం. ఎక్కడికి పోతాయమ్మా అని అడిగింది. పైకి అన్నాను. వాన పడితే మళ్లీ అవే అక్షరాలు వస్తాయా అంది. వస్తాయేమో, నాకేం తెలుసు. దూరంగా పాలిష్ మిషన్ల రొద, కిటికీలోంచి రాతి పొడి కలిసిన తెల్లటి ఎండ, నేల మీద మాయమైపోతున్న ‘అమ్మ’. అలా కూర్చుంటే నాకు కుట్టుపని గుర్తుకొచ్చేది కాదు.

ఇంతా చేసి కాగితం ఇస్తే మళ్లీ గోతులు తవ్వినట్టే రాసింది.

చివరికి గొంగడి తీశాను. అది పరిగి దగ్గర గొర్లు కాసుకునే మా అమ్మ కొండమ్మ ఇచ్చిన నల్ల గొంగడి. దాన్ని నాలుగు మడతలు వేసి, పైన ఒకే ఒక్క కాగితం పరిచి, “దీని మీద రాయి బిడ్డా” అన్నాను. కింద మెత్తగా ఉంటుంది కాబట్టి ఒత్తితే పెన్సిల్ కాగితంలోంచి దిగిపోతుంది. తేలిగ్గా రాస్తేనే అక్షరం నిలుస్తుంది. ఇది మంచి ఉపాయమని మురిసిపోయాను. పిల్ల ‘ఉడుత’ అని మొదలుపెట్టింది. ఉ దగ్గర ఒక చిల్లు, డు దగ్గర ఇంకోటి. కాగితం జల్లెడైంది. పెన్సిల్ విసిరికొట్టి ఏడుపు అందుకుంది.

“జర మెత్తగ రాయవే! ఏం పోతది నీది?” అని నేనూ అరిచాను.

“మెత్తగ రాస్తె తాతకెట్ల కనిపిస్తది?” అని నిరోషా నాకంటే గట్టిగా అరిచింది.

తాత అంటే మా మామ బాలప్ప. బండల మీద పేర్లు చెక్కేవాడు. మా చుట్టుపక్కల పాత గేట్ల పక్కన, గుడి మెట్ల మీద, సమాధుల మీద చదివే పేర్లలో చాలా మటుకు ఆయన ఉలి కిందివే. ఇప్పుడా పని మిషన్లు చేస్తున్నాయి. ఆయన కళ్లకు మొదట పక్కల నుంచి చీకటి మొదలైంది. చివరికి నడిమధ్యకు కూడా చేరింది. కంటి నరం ఎండిపోయింది, ఇక చూపు రాదని డాక్టర్లు తేల్చేశారు. హైదరాబాదు నుంచి ఆయన్ని రైల్లో తీసుకొస్తుంటే వికారాబాద్ దాటుతున్నప్పుడు, “అనంతగిరి గుట్టలు కనిపిస్తున్నయా బిడ్డా?” అని అడిగాడు. మబ్బు కమ్ముకుని పచ్చగా ఉన్నాయని చెప్పాను. “అవ్, నాకు గూడ కనిపిస్తున్నయి తియ్యి” అన్నాడు. నా మనసు కష్టపడకూడదని అంత తీయగా అబద్ధమాడే మనిషి. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరి వెనకాలే వెళ్లి తలుపు చాటున నిలబడ్డాను. బయట గోడకు ఆనించి వేసిన బండ మీద మామ కూర్చున్నాడు. నిరోషా ఆయన ఒళ్లో నోటుపుస్తకం తెరిచి పెట్టింది. ఆయన చూపుడువేలు మొదటి వరస మీద ఆనించాడు. చెక్కిన అక్షరంలో రంగు నింపే ముందు లోతు సరిపోయిందో లేదో అలాగే వేలితో తడిమి చూసేవాడట. వేలు మెల్లగా కదిలింది.

“ఉ... డు... త. ఉడుత. జా... మ. జామచెట్టు. జామచెట్టు ఎక్కింది.”

“కరెక్ట్!” అని పిల్ల చప్పట్లు కొట్టింది.

మామ నవ్వాడు. చూపు పోయిన తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. లోకంలో ఆయన తనంతట తాను చదవగలిగినవి ఇంక ఆ పిల్ల రాసిన మాటలే. వాటి కోసం అది వేలు కమిలిపోయేలా కాగితాన్ని చెక్కుతోంది. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలిస్తే నాలుగు దులిపేద్దును.

పాలిష్ యూనిట్ నుంచి కనుబొమల దాకా తెల్లగా దుమ్ము కొట్టుకుని వచ్చిన మా ఆయన శ్రీశైలానికి చెప్పాను. చేతులు కడుక్కుంటూ విన్నాడు.

“పిల్ల చెయ్యి ముఖ్యం గద. నాయినకు చెప్పు, అర్థం చేస్కుంటడు.”

“మీ నాయిన. నువ్వు చెప్పు.”

“నా మాట కన్న నీ మాటనే మంచిగింటడు” అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు. కష్టమైన మాట వచ్చినప్పుడల్లా మా ఆయనకు ముఖం తుడుచుకునే పని పడుతుంది.

పొద్దున చాయ్ ఇస్తూ నేనే చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టానో, ఎక్కడ ఆగిపోయానో గుర్తులేదు. మామ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు. తర్వాత నిరోషాను దగ్గరికి పిలిచి దాని వేళ్లు ఒక్కొక్కటే తడిమాడు. మధ్యవేలి పక్కన గట్టిపడ్డ చోట ఆగాడు. ఉలి పట్టి పట్టి ఆయన వేలికీ అక్కడే కాయ కాసింది.

“అరె, ఏం తాయీ, గింత నొప్పి పెట్టుకున్నవా?” అన్నాడు. తాయీ అంటే తల్లీ అని, సరిహద్దుకు అవతలి కన్నడ మాట. వాళ్ల అమ్మ నోట విని నేర్చుకున్నాడు. పిల్ల ఒక్కదాన్నే అలా పిలుస్తాడు.

“నొప్పి లేదు తాతా” అని అది అబద్ధమాడింది. ఆయన రక్తమే కదా.

మామ గొంతు మార్చి, పెద్ద రహస్యం చెబుతున్నట్టు ముందుకు వంగాడు. “ఒక ముచ్చట చెప్పాల్నా? నా వేళ్లు ఇప్పుడు మస్తు హుషారైనయి. నువ్వెంత మెత్తగ రాసినా దొరకవడ్తయి. కావాల్నంటె రాసి చూడు.”

నిరోషా నమ్మలేదు. గొంగడి తెచ్చుకుని, కాగితం పరిచి, ఎప్పటికన్నా కొంచెం తగ్గించి రాసింది. ఆయన తడిమి చదివాడు. ఇంకొంచెం తగ్గించింది. అదీ చదివాడు. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. సాయంత్రానికి వాళ్లకు అది ఒక ఆటైపోయింది. అది దొంగలాగా మెల్లగా రాస్తుంది, ఆయన పోలీసులాగా పట్టుకుంటాడు. మామ ఆట ఏమిటో నాకు మాత్రం తొందర్లోనే తెలిసింది. నిరోషాకు రాసేటప్పుడు పైకి అనుకుంటూ రాసే అలవాటు. “గొ... ర్రె... గొర్రె గ... డ్డి...” అని పెదవుల మీద గొణుగుతుంది. మామ పక్కన మంచం మీద కూర్చుని, తల కొంచెం వంచి, ఊరికే గాలి పీల్చుకుంటున్నట్టు వింటాడు. ఒకరోజు ఆయన వేలు వరస దాటి కాగితం అంచు మీదికి పోయింది. నోరు ఇంకా వాక్యం మధ్యలోనే ఉంది. పిల్ల వేలును చూడలేదు, ఆయన ముఖాన్నే చూస్తోంది. నేను చూశాను. నోరు మూసుకుని కూర కలుపుకున్నాను. మూడో దొంగను నేను.

రోజులు గొంగడి మీద మెల్లగా జారిపోయాయి. కాగితానికి చిల్లులు పడటం మానేసింది. అక్షరాలు గుండ్రం తిరిగాయి, మాటకూ మాటకూ మధ్య చోటు వచ్చింది. పెన్సిల్ కాగితం మీద నడుస్తుంటే ఎండుటాకు మీద చీమ పోతున్నంత చప్పుడు కూడా లేదు. వేలి మీద ఎరుపు తగ్గింది. పుస్తకాల సంచి బియ్యం డబ్బా వెనక నుంచి దండెం కిందికి, అక్కడి నుంచి పిల్ల భుజం మీదికి చేరింది. కడుపునొప్పులు ఎటు పోయాయో పోయాయి. సుమిత్ర టీచర్ నోటుపుస్తకంలో ఎర్ర నక్షత్రం వేసి పంపింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. మా ఆయన మాత్రం “నేను చెప్పలేదా?” అన్నాడు.

వాన పడేలా ఉన్న ఒక సాయంత్రం నిరోషా బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

“అమ్మా, టీచర్ ఇయ్యాల నోరు మూసుకొని రాయమన్నది. పక్కోళ్లకు డిస్టర్బ్ అయితదట. ఒక్క మాట గూడ పైకి అనకుంట పేజీ మొత్తం రాసిన!”

నా చేతిలోని గరిటె ఆగిపోయింది. బయట బండ మీద మామ కూర్చుని ఉన్నాడు. ఆయనకూ వినిపించే ఉంటుంది.

“ఏం రాసినవే?” అని కావాలనే గట్టిగా అడిగాను.

“చెప్ప. తాతనే చదవాలె.”

“ముందుగాల నాకు చెప్పవే. గొర్రెపిల్ల గురించా? బడి గురించా?”

“చెప్ప అంటున్న గద!”

“అయితె అన్నం తిను, తర్వాత చూపియ్యి.”

వినే పిల్లా అది? పుస్తకం తీసుకుని బయటికి ఉరికింది. నేను వెనకాలే పోయాను. తాత చదవలేకపోయాడంటే ఇన్నాళ్ల ఆటంతా అబద్ధమని తెలిసిపోతుంది. రేపటి నుంచి మళ్లీ ఆ పెన్సిల్ కాగితంలోకి దిగబడుతుంది, వేలు కములుతుంది, సంచి డబ్బా వెనక్కి పోతుంది. ఆ ఒక్క వెలుగూ పోయి మామ బండ మీద ఊరికే కూర్చుంటాడు. ఇద్దరిలో ఎవరిని ముందు పట్టుకోవాలో నాకు తోచలేదు.

నిరోషా పుస్తకం తెరిచి తాత ఒళ్లో పెట్టి, చెప్పులు విడవడానికి అటు తిరిగింది. గాలి వచ్చింది. ఒక పేజీ లేచి, కాసేపు నిలబడి, అవతలికి వాలింది. రాసిన పేజీ వెనక్కి పోయింది. మామ అరచేయి ఖాళీ పేజీ మీద ఉంది.

నా నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. చెబితే దొరికిపోతాడు, చెప్పకపోయినా దొరికిపోతాడు. ఈలోగా పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. పేజీ చూసింది. దాని నోరు తెరుచుకుంది.

మామ వేలు ఎడమ అంచున ఆనింది. మెల్లగా కదిలింది.

“అనంతగిరి గుట్ట మీద... ఒక నీటిచుక్క ఉండె. దానికి పేరు లేదు. ఒక ఆకు కింద పండుకొని ఉండె.”

వేలు కుడి అంచు దాకా పోయి, లేచి, మళ్లీ ఎడమ అంచుకు, కొంచెం కిందికి వచ్చింది. జన్మంతా బండల మీద వరసలు కొట్టిన మనిషి, ఖాళీ కాగితం మీద కూడా వరస వంకర పోలేదు.

“ఒకనాడు దానికి ఊర్లు చూడబుద్ధయింది. కిందికి జారింది. తొవ్వల ఒక రాయి అడ్డమొచ్చింది. జర జరుగు అన్నది చుక్క. నేను నిద్రల ఉన్న, సుట్టు తిరిగి పో అన్నది రాయి. సుట్టు తిరిగింది. ఆడ ఇంకో చుక్క దొరికింది. ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకున్నరు. పోంగ పోంగ మస్తుమంది అయినరు. పొద్దుగూకింది, తెల్లారింది. బర్రెలు వచ్చి తాగినయి, పిల్లలు వచ్చి కాయితం పడవలు ఇడిచిన్రు. పట్నం దాక పోయినరు. ఆడ పెద్ద పెద్ద వంతెనలు. ఒకాయన పైనుంచి వంగి, మూసీ, మూసీ అని పిలిచిండు. ఎవర్ని పిలుస్తున్నడు అని చుక్క వెనకకు మళ్లి చూసింది. అది నదైందని దానికి ఎవ్వరు చెప్పలే.”

వేలు చివరి వరసకు వచ్చింది. గాలి ఆగిపోయింది. పాలిష్ మిషన్లు కూడా ఆగినట్టే అనిపించింది నాకు.

“అది ఇంక పోతనే ఉన్నది. గుట్ట మీద ఆ ఆకు కింద మాత్రం... తడి ఇంక ఆరలేదు.”

మామ వేలు ఎత్తేశాడు. “సరిగ్గ చదివిన్నా తాయీ?” అన్నాడు.

నిరోషా ఖాళీ పేజీని చూసింది, తాత ముఖాన్ని చూసింది, చివరికి నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నువ్వు అబద్ధమాడినవ్ తాతా అంటుందనుకున్నాను. అది లేచి, ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో చెప్పింది.

“ఒక్క తప్పు లేదు తాతా.”

మామ ముఖంలో మళ్లీ ఆ వెలుగు. నేను లోపలికి పోయి, పొయ్యి మీద కూర మాడుతుంటే దించి, కాసేపు అలాగే గోడకు ఆనుకుని నిలబడ్డాను. చినుకులు మొదలయ్యాయి.

తిరిగి చూస్తే నిరోషా నేల మీద ఉంది. నీలం బండ మీద గొంగడి పరుచుకుంది. పుస్తకం లోంచి ఆ ఖాళీ పేజీని మెల్లగా విడదీసి గొంగడి మీద పెట్టుకుంది. పొట్టి పెన్సిల్ మూడు వేళ్ల మధ్య కందిగింజలాగా పట్టుకుని, పెదవులు గట్టిగా మూసుకుని రాస్తోంది. ‘అనంతగిరి గుట్ట మీద ఒక నీటి చుక్క.’ అక్షరాలు గుండ్రంగా, తేలిగ్గా, చిల్లు లేకుండా ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. నేను పక్కన కూర్చుని కాగితం వెనక వేలు పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు.

“బడిల రాసింది ముందటి పేజీల ఉన్నది గద బిడ్డా. మళ్ల గిదెందుకు?” అని మెల్లగా అడిగాను.

నిరోషా తల ఎత్తలేదు. బయట చూరు కింద ఉన్న తాతకు వినబడకుండా గొంతు తగ్గించింది.

“తాత చదివిండు గదమ్మా. మరి ఈడ రాసి ఉండాలె గద.”